ఆరో ఏడాది ఖర్చు ఎవరిది? పిల్లల వైద్య పరిశోధన భాగస్వామ్యాలపై ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలతో రాస్తున్నాను.

ప్రభుత్వమూ ఔషధ కంపెనీలూ కలిసి పిల్లల వైద్య పరిశోధన కోసం చేసుకునే ఒప్పందాల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. ప్రాజెక్టు గడువు ముగిసేనాటికి భాగస్వామ్యం ఆర్థికంగా తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది దాని సారాంశం. చదవడానికి ఎంతో బాధ్యత గల వాక్యం. ప్రజల సొమ్ము ఏళ్ల తరబడి లెక్కాపత్రం లేకుండా ఒకే చోటికి పారకూడదన్న మంచి ఉద్దేశమే దాని వెనుక ఉందని నాకు తెలుసు. అయితే ఆ నిలబడటం ఎలాగో చెప్పే పేజీ మాత్రం ఆ ఒప్పందాల్లో ఉండదు. పదహారేళ్లుగా పిల్లల క్లినికల్ ట్రయల్స్‌లో సమన్వయకర్తగా పనిచేస్తూ, ఆ పేజీ లేకపోవడం వల్ల ఏమవుతుందో కళ్లారా చూసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

నేను పనిచేసిన ఒక పరిశోధన నెట్‌వర్క్ ఐదేళ్ల గడువుతో మొదలైంది. ఖర్చులో సగం ప్రభుత్వానిది, సగం కంపెనీలది. మొదటి ఏడాదంతా నర్సుల నియామకాలు, శిక్షణ, ఎథిక్స్ కమిటీల అనుమతులు, ఆస్పత్రులతో ఒప్పందాలతోనే గడిచిపోయింది. మొదటి బిడ్డ ట్రయల్‌లో చేరేసరికి రెండో ఏడాది ముగింపుకొచ్చింది. నాలుగో ఏట పని ఊపందుకుంది. ఐదో ఏడాది సగం గడిచేసరికి నర్సులు ఒక్కొక్కరే వేరే ఉద్యోగాలు వెతుక్కోసాగారు. కాంట్రాక్టు ఇంకెన్ని నెలలుందో లెక్కపెట్టుకుంటూ ఇల్లు నడిపే మనిషిని తప్పుపట్టలేం.

గడువు తీరిన కొన్ని వారాలకు ఒక తల్లి మూడున్నరేళ్ల కొడుకును వెంటబెట్టుకుని ఫాలో-అప్‌కు వచ్చింది. ఆ పిల్లవాడు ఆరు నెలల వయసులో మా ట్రయల్‌లో చేరాడు. ఐదేళ్లు నిండేదాకా ఏటా ఎత్తు, బరువు, వినికిడి, మాట వచ్చిన తీరు పరీక్షిస్తామని సమ్మతి పత్రంలో ఉంది. ఆ పత్రం ఆమెకు చదివి వినిపించి సంతకం చేయించింది నేనే. ఆమె చేతిలోని కార్డు మీద తర్వాత రావలసిన తేదీ నా చేతిరాతతోనే ఉంది. మా గదికి తాళం వేసి ఉంది. కార్డు మీద ఉన్న ఫోన్ నంబరు ప్రాజెక్టుది, అదీ పనిచేయడం లేదు. ఎవరో చూపిస్తే వరండాలో నా దగ్గరికి వచ్చి, "మేడమ్, తేదీ ఇదే కదా, మేమేమైనా పొరపాటు పడ్డామా?" అని అడిగింది. పొరపాటు మీది కాదమ్మా అన్నాను. ఎవరిదో మాత్రం చెప్పలేకపోయాను. పక్క వార్డు నుంచి తూకం యంత్రం అడిగి తెచ్చి, బిడ్డ బరువూ ఎత్తూ కొలిచి ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ అంకెలు ఎక్కించాల్సిన డేటాబేస్ అప్పటికే మూసేశారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. ప్రభుత్వం ఒప్పుకున్న వాయిదాలన్నీ ఇచ్చింది, కంపెనీలు తమ వాటా తాము పెట్టాయి, ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాలేదు. ఒప్పందం రాసినప్పుడు ఆరో ఏడాది ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు, అంతే. నేను ఈ లేఖలో మిమ్మల్ని కోరేది ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయించమని. పిల్లల పరిశోధనలో ఆర్థిక సుస్థిరత అంటే భాగస్వామ్యం తన ఖర్చంతా తానే సంపాదించుకోవడం కాదని నా అభిప్రాయం. మొదటి బిడ్డ పేరు రిజిస్టర్‌లో ఎక్కకముందే, చివరి బిడ్డ చివరి పరీక్ష దాకా అయ్యే ఖర్చు ఎవరు, ఏ ఖాతా నుంచి భరిస్తారో రాసి ఉండటమే సుస్థిరత.

ఇంత పట్టుబట్టడానికి కారణం పిల్లల పరిశోధన స్వభావంలోనే ఉంది. నెలలు నిండకుండా పుట్టిన కిలో బరువు బిడ్డను తీసుకోండి. ఆ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి 80 నుంచి 90 మిల్లీలీటర్లు. ఐరోపాలో పాటించే నైతిక మార్గదర్శకాల ప్రకారం పరిశోధన కోసం ఒకసారి తీసే రక్తం అందులో 1 శాతాన్ని, నాలుగు వారాల్లో మొత్తం కలిపి 3 శాతాన్ని మించకూడదు. అంటే ఒక విడతకు ఒక మిల్లీలీటరు కూడా దక్కదు. ఆ కాస్త రక్తంలోనే మందు ఎంత ఉందో కొలవగల ప్రయోగశాల కావాలి. బిడ్డ మడమ వెచ్చబరిచి, ఒకే పోటుతో, నమూనా గడ్డకట్టకుండా తీయగల నర్సు కావాలి. అలాంటి నేర్పు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ నర్సు వెళ్లిపోతే మరో ప్రాజెక్టు మొదలైన రోజున మళ్లీ ఒకటో మెట్టు నుంచి మొదలుపెట్టాలి. ఇలా మొదలుపెట్టిన ప్రతిసారీ అయ్యే ఖర్చును ఏ లెక్కల పుస్తకమూ నష్టం కింద చూపించదు. నా దృష్టిలో ఈ రంగంలో అతి పెద్ద వృథా అదే.

పెద్దల మోతాదును బరువును బట్టి తగ్గించి ఇస్తే సరిపోతుందన్న నమ్మకం ఎంత ప్రమాదమో వైద్యరంగం చాలాకాలం క్రితమే నేర్చుకుంది. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ను నవజాత శిశువుల కాలేయం విరిచి బయటికి పంపలేకపోయేది. ఒళ్లు బూడిద రంగుకు తిరిగి శిశువులు చనిపోవడంతో 1950ల చివర్లో ఆ సంగతి బయటపడింది. మందుల అట్టపెట్టెల మీద పిల్లలకు సంబంధించిన సమాచారమే లేకపోవడం చూసి, అమెరికా శిశువైద్యుడు హ్యారీ షిర్కీ 1960లలో పిల్లలను 'చికిత్సా అనాథలు' అన్నారు. అరవై ఏళ్ల తర్వాత కూడా నవజాత శిశువుల వార్డుల్లో వాడే మందుల్లో చాలా వాటికి ఆ వయసులో సరిగా పరీక్షించిన మోతాదు లేదు. వాటిలో ఎక్కువ భాగం పేటెంటు ఎప్పుడో తీరిపోయిన పాత మందులు. వాటి మీద పరిశోధనకు డబ్బు పెట్టి తిరిగి రాబట్టుకునే దారి ఏ కంపెనీకీ లేదు.

కంపెనీలను నిందించడం నా ఉద్దేశం కాదు. పిల్లల జబ్బులు చాలా వరకు తక్కువ మందికి వస్తాయి. ఒక్కో వయసుకు ఒక్కో రూపంలో మందు తయారు చేయాలి. నీళ్లలో కరిగే మాత్ర, చుక్కల మందు, చేదు తెలియని పొడి, ఇలా ప్రతిదానికీ వేరే తయారీ, వేరే పరీక్ష. ఇంత చేసినా అమ్మకాలు పెద్దల మందుతో పోల్చదగినవి కావు. అందుకే చట్టాలు వచ్చాయి. అమెరికా 1997లో పిల్లల్లో అధ్యయనం చేసిన కంపెనీకి ఆరు నెలల అదనపు మార్కెట్ రక్షణ, అంటే అంతకాలం పోటీ మందు రాకుండా రక్షణ, ఇచ్చింది. 2003లో కొత్త మందులను పిల్లల్లో కూడా పరీక్షించాలని చట్టం తెచ్చింది. ఐరోపా సంఘంలో 2007 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధన ఈ రెండింటినీ ఒక చోట చేర్చింది. పదేళ్లలో అక్కడ పిల్లల వాడకానికి 260కి పైగా కొత్త మందులకూ కొత్త ఉపయోగాలకూ అనుమతి వచ్చింది. ఇది చిన్న విజయం కాదు.

అయితే అదే నిబంధన పేటెంటు తీరిన పాత మందుల కోసం కూడా ఒక ప్రోత్సాహకం పెట్టింది. పిల్లల కోసం ప్రత్యేకంగా పరీక్షించి అనుమతి తెచ్చుకుంటే పదేళ్ల రక్షణ ఇస్తామంది. మొదటి పదేళ్లలో ఆ దారిన వచ్చిన అనుమతులు మూడే మూడు. మార్కెట్ ఉన్న చోట ప్రోత్సాహకం కంపెనీని ఒక అడుగు ముందుకు వేయిస్తుంది. మార్కెట్టే లేని చోట అడుగు వేయించడానికి ఏమీ మిగలదు. అరుదైన పిల్లల జబ్బులకు మందు తెచ్చిన కంపెనీకి అమెరికా 2012 నుంచి ఇచ్చిన వోచర్ల గురించి, అంటే మరో మందును త్వరగా పరిశీలింపజేసుకునే, ఇతరులకు అమ్ముకోదగిన హక్కు పత్రాల గురించి కూడా ఎవరైనా మీకు చెప్పవచ్చు. 2015లో ఒక వోచర్ 35 కోట్ల డాలర్లకు చేతులు మారింది. 2024 డిసెంబరులో పథకం గడువు తీరి అప్పటికి కొత్త గుర్తింపులు ఆగిపోయాయి. మందు తయారీకి పన్నెండేళ్లు పట్టే చోట, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియని ప్రోత్సాహకం మీద ఒక రంగాన్ని నిలబెట్టలేం.

ఇక్కడే భాగస్వామ్యాల అవసరం వస్తుంది, వాటి బలహీనత కూడా ఇక్కడే బయటపడుతుంది. ఐరోపాలో 2018లో మొదలైన కనెక్ట్ ఫర్ చిల్డ్రన్ అనే భాగస్వామ్యాన్ని మీ అధికారులు తప్పక అధ్యయనం చేయాలని కోరుతున్నాను. మొత్తం బడ్జెట్ సుమారు 14 కోట్ల యూరోలు. అందులో దాదాపు సగం ప్రజల సొమ్ము, మిగిలినదానిలో ఎక్కువ భాగం ఔషధ కంపెనీల వాటా. ఒక్కో దేశంలో ఒక్కో కేంద్రం, ఆ కేంద్రం కింద పిల్లల ఆస్పత్రులు, ట్రయల్ చేయించే స్పాన్సర్ ఎవరైనా వచ్చి మాట్లాడటానికి ఒకే కార్యాలయం, ఇదీ ఏర్పాటు. అది పని చేస్తుందో లేదో చూడటానికి కంపెనీల ట్రయల్స్‌తో పాటు కంపెనీలకు ఆసక్తి లేని ప్రశ్నలనూ తీసుకున్నారు. నెలలు నిండని బిడ్డల గుండె దగ్గర మూసుకోని రక్తనాళానికి పారాసెటమాల్ పనికొస్తుందా, చిన్నపిల్లల రక్తనాళాలు వాచే కవాసాకి వ్యాధిలో మొదటి నుంచీ స్టెరాయిడ్ ఇస్తే గుండె ధమనులు కాపాడగలమా అన్నవి వాటిలో రెండు. మూడు రూపాయల మందు మీద ఏ కంపెనీ ఈ పరీక్ష చేస్తుంది? ప్రాజెక్టు డబ్బు అయిపోతుందని ముందే గ్రహించి, నెదర్లాండ్స్‌లో లాభాపేక్ష లేని ఒక ఫౌండేషన్‌ను రిజిస్టర్ చేసి నెట్‌వర్క్‌ను దానికి అప్పగించే పని గడువుకు ముందే మొదలుపెట్టారు. ఈ ముందుచూపు నన్ను ఆకట్టుకుంది.

ఆ ఏర్పాటును మెచ్చుకుంటూనే ఒక హెచ్చరిక చేయాలి. ఇలాంటి భాగస్వామ్యాల్లో కంపెనీల వాటా చాలా వరకు నగదు రూపంలో రాదు. తమ నిపుణుల పనిగంటలు, తమ ప్రయోగశాలలు, తమ సాఫ్ట్‌వేర్ విలువ కట్టి వాటాగా చూపిస్తారు. ఐరోపాలో 2008లో ఇన్నోవేటివ్ మెడిసిన్స్ ఇనిషియేటివ్ మొదలైనప్పుడు వంద కోట్ల యూరోలు సంఘం నుంచి, దాదాపు అంతే విలువ కంపెనీల నుంచి అన్నది ఒప్పందం. ఆ రెండో సగం ఎక్కువగా ఈ రూపంలోదే. ఆ నిపుణుల అనుభవం విలువైనదే, కాదనను. అయితే ఒక పెద్ద కంపెనీ గణాంక నిపుణుడి మూడు వందల పనిగంటలతో మా ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సుకు జీతం ఇవ్వలేం. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు కరెంటు బిల్లు కట్టలేం. కాగితం మీద భాగస్వామ్యం సమానంగా కనిపిస్తుంది. ప్రాజెక్టు ముగిసిన రోజున నిపుణుడు తన కంపెనీకి తిరిగి వెళ్లిపోతాడు, ఆస్పత్రిలో ఉన్నవాళ్లకు జీతం ఆగిపోతుంది. అందుకే మీ ముందుకు వచ్చే ఏ ఒప్పందంలోనైనా నగదు ఎంత, సేవల రూపంలో ఎంత అన్నది వేరువేరుగా చూపించమని ఆదేశించండి. ఆస్పత్రుల దగ్గర నిలిచే ఖర్చులకు నగదు తప్ప మరొకటి ఒప్పుకోవద్దు.

ప్రభుత్వమే మొత్తం డబ్బు పెట్టినా గడువు సమస్య తీరదు. అమెరికాలో పిల్లల మెదడు కణితుల చికిత్సల తొలిదశ ట్రయల్స్ కోసం 1999లో ఒక కన్సార్టియం, అంటే సంస్థల కూటమి, ఏర్పడింది. పాతికేళ్లు జాతీయ క్యాన్సర్ సంస్థ గ్రాంట్లతో నడిచింది. 2025లో, ఇక ముందు ఆ మద్దతు కొనసాగించబోమని ఆ సంస్థ చెప్పింది, 2026 మార్చిలో గ్రాంటు ముగుస్తుందన్నారు. ఆ పనిని మరో నెట్‌వర్క్‌కు బదిలీ చేస్తామని చెప్పినా, ఏ ట్రయల్‌లో చేర్చాలన్న ప్రశ్నతో ఆస్పత్రుల చుట్టూ తిరిగే తల్లిదండ్రులకు ఆ నెలలు ఎంత విలువైనవో వేరే చెప్పనక్కరలేదు. మెదడు కాండంలో కణితి వచ్చిన బిడ్డకు ఆయుష్షు చాలా వరకు నెలల్లోనే లెక్కిస్తారు.

ఇంకో నమూనా కూడా అక్కడే ఉంది. పేటెంటు తీరిన మందులను పిల్లల్లో పరీక్షించడానికి 2002 చట్టం ప్రభుత్వ సొమ్మును కేటాయించమంది. ఏటా 2.5 కోట్ల డాలర్ల వరకు అన్న లెక్క ఏళ్ల తరబడి కొనసాగుతోంది. ఆ డబ్బుతో 2010లో డ్యూక్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పిల్లల ట్రయల్స్ నెట్‌వర్క్ ఏర్పడింది. వాళ్లు చేసిన ఒక అధ్యయనం నాకెంతో ఇష్టం. చికిత్సలో భాగంగా వైద్యులు ఎలాగూ ఇస్తున్న మందులనే తీసుకుని, చికిత్స కోసం రక్తం తీసేటప్పుడే మరికొంచెం తీసుకుని, మందు పిల్లల ఒంట్లో ఎలా కదులుతోందో కొలిచారు. బిడ్డకు అదనపు సూదిపోటు దాదాపు లేదు, ఖర్చు తక్కువ, ఒకే ఏర్పాటుతో ఎన్నో మందులు. అయితే ఇది సాధ్యపడింది నెట్‌వర్క్ అప్పటికే కొలువై ఉంది కాబట్టి. పిల్లల క్యాన్సర్‌లోనూ అంతే. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారంటే, ఒక ట్రయల్ ఆగకముందే మరో ట్రయల్ మొదలయ్యేలా దశాబ్దాల పాటు విడవకుండా డబ్బు అందిన సహకార బృందాలే దానికి ప్రధాన కారణం. అలాంటి నాలుగు బృందాలు 2000లో కలిసి చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్‌గా మారాయి. తక్కువ ఆదాయ దేశాల్లో ఆ బతికే వాటా 30 శాతం కూడా లేదు.

గడువులు ఎంత పొడవు ఉండాలో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో 1985-86లో నవజాత శిశువుల నుంచి సేకరించిన ఒక రోటావైరస్ (పిల్లల్లో విరేచనాలు కలిగించే వైరస్) రకంతో టీకా తయారీకి ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, అమెరికా సంస్థలు, పాత్ అనే అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ, భారత్ బయోటెక్ కలిసి పనిచేశాయి. మూడో దశ ట్రయల్‌లో 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. టీకాకు అనుమతి వచ్చింది 2014లో, ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరింది 2016లో. మొదటి నమూనా నుంచి లెక్కేస్తే ముప్ఫై ఏళ్లు. రెండోది, బడికి వెళ్లే వయసు రాని పిల్లలకు నత్తజ్వరంగా పిలిచే షిస్టోసోమియాసిస్ అనే పరాన్నజీవి వ్యాధి మందు. పెద్ద పిల్లలకు ప్రాజిక్వాంటెల్ మాత్ర ఎప్పటి నుంచో ఉన్నా, చేదుగా, పెద్దగా ఉండే ఆ మాత్ర చిన్నారులకు ఇవ్వలేక సుమారు 5 కోట్ల మంది చికిత్సకు దూరంగా ఉండిపోయారు. 2012లో మెర్క్, ఆస్టెలాస్ తదితర కంపెనీలు, స్విస్ ట్రాపికల్ సంస్థ కలిసి ఒక కన్సార్టియం కట్టాయి. ఐరోపా ఔషధ సంస్థ అనుకూల అభిప్రాయం చెప్పింది 2023 డిసెంబరులో. పదకొండేళ్లలో జపాన్ నిధి ఒకటి, ఐరోపా-ఆఫ్రికా నిధి మరొకటి, దాతృత్వ సంస్థలు, ఇలా ఒకరి తర్వాత ఒకరు డబ్బు పెట్టారు. ఒకరి గ్రాంటు ముగిసేసరికి మరొకరిది అందుకోవడం వల్ల ఆ పని బతికింది. ఏ రెండు గ్రాంట్ల మధ్యనైనా పెద్ద ఖాళీ వచ్చి ఉంటే ఆ మందు వచ్చేదేనా?

ఇంకో సంగతి ధర. చివర్లో మందు ఎవరికి ఎంతకు దొరుకుతుందో మొదట్లోనే రాయకపోతే భాగస్వామ్యం ఫలితం ప్రయోగశాలలోనే ఆగిపోతుంది. ఆఫ్రికాలో మెదడు పొరల వాపు కలిగించే మెనింజైటిస్-ఏ టీకా కోసం 2001లో మొదలైన ప్రాజెక్టు ఒక డోసు 50 సెంట్లు దాటకూడదని ముందే నిర్ణయించుకుని, ఆ ధరకు తయారు చేయగల కంపెనీని వెతికింది. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో టీకాలు మొదలయ్యాయి. హెచ్‌ఐవీ మందు డోలూటెగ్రావిర్‌కు పెద్దల్లో 2013లో అనుమతి వస్తే, చిన్నపిల్లలకు నీళ్లలో కరిగే జెనరిక్ మాత్ర 2020లో గానీ రాలేదు. ఏడేళ్లు. ఆ మాత్ర వచ్చాక ఒక బిడ్డ ఏడాది చికిత్స ఖర్చు 480 డాలర్ల నుంచి 120 డాలర్ల లోపుకు దిగింది. యూనిటెయిడ్ అనే అంతర్జాతీయ ఆరోగ్య నిధి సంస్థ, క్లింటన్ ఆరోగ్య సంస్థ తయారీదారులకు ముందుగానే ఆర్థిక భరోసా ఇవ్వడం వల్ల ఆ చివరి దశ వేగం అందుకుంది. ఆ భరోసా మరికొన్నేళ్లు ముందు ఇచ్చి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

ఇప్పుడు నేను కోరేవి చెబుతాను. మొదటిది, పిల్లల పరిశోధన చేయగల ఆస్పత్రుల మౌలిక ఖర్చును, అంటే రీసెర్చ్ నర్సులు, సమన్వయకర్తలు, ఫార్మసిస్టు, డేటా సిబ్బంది, నమూనాల నిల్వ, వీటిని ప్రాజెక్టుల నుంచి వేరు చేసి ప్రభుత్వం శాశ్వత పద్దు కింద భరించాలి. అగ్నిమాపక కేంద్రాన్ని ఎవరూ మంటల సంఖ్యను బట్టి నడపరు. ట్రయల్ ఉన్నా లేకున్నా ఆ నర్సు ఉండాలి. కంపెనీ ట్రయల్ వచ్చినప్పుడు ఆ సేవలకు నిజమైన ఖర్చు, దానిపై నిర్వహణ రుసుమూ వసూలు చేయాలి. ఆ ఆదాయం ప్రభుత్వ ఖజానాలో కలిసిపోకుండా నెట్‌వర్క్ మూలనిధికే చేరాలి. చాలా చోట్ల పిల్లల ఆస్పత్రులు కంపెనీ వచ్చిందన్న సంతోషంలో తమ ఖర్చు కన్నా తక్కువకే ఒప్పుకుంటాయి. మిగిలిన నష్టం వార్డు బడ్జెట్ మీద పడుతుంది. నేను స్వయంగా అలాంటి ధరల పట్టికలు తయారు చేశాను. అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

రెండోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ట్రయల్ మొదలయ్యే ముందే స్పాన్సర్, అది కంపెనీ అయినా ప్రభుత్వమైనా, చివరి ఫాలో-అప్ వరకూ అయ్యే ఖర్చును వేరే ఖాతాలో జమ చేయాలి. ఆ ఖాతాలోని డబ్బు మరే పనికీ వాడకూడదు. కంపెనీ మూతపడినా, మరో కంపెనీలో విలీనమైనా, మంత్రివర్గం మారినా ఆ బిడ్డ ఐదో ఏటి పరీక్ష జరిగి తీరాలి. ఇది ఎథిక్స్ కమిటీ అనుమతికి షరతుగా ఉండాలి. మేము సమ్మతి పత్రంలో రాసేది తల్లిదండ్రులకు ఇచ్చే మాట. ఆ మాటకు తగిన డబ్బు ఎక్కడుందో చూడకుండా కమిటీ అనుమతి ఇవ్వడం సరికాదు.

మూడోది, భాగస్వామ్యంలో పుట్టిన జ్ఞానంతో కంపెనీ అదనపు మార్కెట్ రక్షణ పొందితే, ఆ ఆదాయంలో ఒక చిన్న వాటా నెట్‌వర్క్ మూలనిధికి రావాలి. ఆ అదనపు ఆరు నెలల లాభం చాలా సందర్భాల్లో పెద్దల అమ్మకాల మీద వస్తుంది, దాన్ని సంపాదించి పెట్టింది మాత్రం పిల్లలు. వాటా ఎంత ఉండాలన్నది నిపుణులు తేల్చాలి. ఉండాలన్న సూత్రం దగ్గర రాజీ పడవద్దు.

మీ ఆర్థిక శాఖ సహచరులు రెండు అభ్యంతరాలు చెబుతారని ఊహిస్తున్నాను. ప్రజల సొమ్ముతో కంపెనీలకు సేవ చేస్తున్నామా అన్నది ఒకటి. కంపెనీ నుంచి నిజమైన ఖర్చు వసూలు చేస్తే ఆ మాట నిలవదు. ఏ ప్రశ్నలు తీసుకోవాలో కంపెనీ కాకుండా స్వతంత్ర శాస్త్రీయ మండలి నిర్ణయిస్తే, ఫలితాలు అనుకూలమైనా ప్రతికూలమైనా ప్రచురించడం తప్పనిసరి చేస్తే అసలే నిలవదు. ఆ మండలిలో తల్లిదండ్రులకు కూడా చోటు ఉండాలి. పిల్లల రక్తం ఎన్నిసార్లు తీయడం న్యాయమో వాళ్లు చెప్పినంత సూటిగా మేమెవరమూ చెప్పలేం. శాశ్వత పద్దు అంటే శాశ్వత నిర్లక్ష్యానికి దారి తీస్తుందన్నది రెండోది. ఈ భయం న్యాయమైనదే. పని చేయని కేంద్రాలను నేనూ చూశాను. గది, కంప్యూటర్లు, పదవులు ఉండి, మూడేళ్లలో ఒక్క బిడ్డను కూడా చేర్చని చోట్లు ఉన్నాయి. వాటిని మూసేయండి. ఎంతమంది పిల్లలు చేరారు, ఎంతమంది చివరిదాకా ఉన్నారు, డేటా ఎంత పూర్తిగా ఉంది అన్న మూడు లెక్కలు ఏటా బహిరంగంగా ప్రకటిస్తే ఏ కేంద్రం నడవాలో ఏది మూయాలో అందరికీ తెలుస్తుంది. మూసేటప్పుడు కూడా అక్కడి పిల్లల ఫాలో-అప్ పక్క కేంద్రానికి బదిలీ అయిన తర్వాతే తాళం వేయాలి.

ప్రైవేటు భాగస్వామ్యం వద్దని నేను అనడం లేదు. పిల్లలు మింగగలిగే మందు రూపం తయారు చేసే నైపుణ్యం కంపెనీల దగ్గరే ఉంది. 2009లో మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్, నోవార్టిస్ కలిసి తెచ్చిన, నీళ్లలో కరిగే మలేరియా మాత్ర లేకపోయి ఉంటే చేదు మాత్రలు నలిపి నోట్లో పోసే తల్లుల కష్టం ఇంకా అలాగే ఉండేది. 2 నుంచి 5 కిలోల బరువున్న పసిబిడ్డల కోసం ఆ మందు రూపానికి స్విట్జర్లాండ్ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది 2025 జులైలో. మొదటి మాత్ర వచ్చిన పదహారేళ్లకు. ఇంతకాలం ఒక పనిని పట్టుకుని కూర్చోగలిగిన భాగస్వామ్యం కావాలి, ఐదేళ్లకు తాళం వేసుకునేది కాదు.

మీ శాఖ తదుపరి ఒప్పందం మీ బల్ల మీదికి సంతకం కోసం వచ్చినప్పుడు దయచేసి ఒక పని చేయండి. ఐదో ఏడాది బడ్జెట్ ఉన్న పేజీ తిప్పి, దాని తర్వాత ఏముందో చూడండి. ఆరో ఏడాది నర్సు జీతం, పదో ఏడాది ఫాలో-అప్, నమూనాల ఫ్రీజర్ బిల్లు ఎవరి ఖాతాలో ఉన్నాయో రాసి ఉంటే సంతకం చేయండి. ఆ పేజీ లేకపోతే, రాసుకు రమ్మని తిప్పి పంపండి.

భవదీయురాలు,
పిల్లల క్లినికల్ ట్రయల్స్ సమన్వయకర్త ఒకరు